పుర్రె బొమ్మ కోరుట్లలో ఏం చెప్పింది?

పొగాకు ఉత్పత్తులపై పార్లమెంటు 2003లో చేసిన చట్టంలో ఒక బొమ్మ ప్రస్తావన ఉంది. సిగరెట్ పెట్టె మీదా, బీడీ కట్ట మీదా పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు ఉండి తీరాలని ఆ చట్టం చెప్పింది. 2006 జులైలో కేంద్ర ఆరోగ్య శాఖ అందుకు నిబంధనలు కూడా ప్రకటించింది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. బీడీ తాగేవాళ్లలో చదువు రానివాళ్లు చాలామంది. ఎంత పెద్ద అక్షరాల్లో హెచ్చరిక రాసినా వాళ్లకు అది నల్లటి గీతలే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, పురుగుల మందు డబ్బా మీద పుర్రెను చూసిన మనిషికి మాత్రం ఆ బొమ్మ అర్థం కావడానికి బడికి పోనక్కర్లేదు.

ఢిల్లీ అంతవరకే ఆలోచించింది.

ఉత్తర తెలంగాణలోని కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట ఏ వాకిట్లోకి తొంగిచూసినా ఒకటే దృశ్యం. ఒళ్లో చాట. చాటలో తడిపిన తునికాకు, ఓ పక్క తంబాకు, ఇంకో పక్క దారం ఉండ. ఆకును కొలత ప్రకారం కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, వేళ్ల మధ్య చుట్టి, కొసను లోపలికి నొక్కి, దారం బిగిస్తే ఒక బీడీ. పాతిక బీడీలు ఒక కట్ట. వెయ్యికి ఇంత అని కూలి. పక్కింటామెతో మాటలు నడుస్తుంటాయి, చంటిపిల్ల ఏడుస్తుంటుంది, చేతులు మాత్రం ఆగవు. మగవాళ్లు దుబాయ్‌కో, మస్కట్‌కో, భీవండికో పోయిన ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఈ చాటే. పిల్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లు ‘బీడీలు చేస్తదా’ అని అడిగిన ప్రాంతం ఇది. పీఎఫ్ కార్డు ఉన్న కోడలంటే ఇంటికి ఒక ఆసరా.

పుర్రె ఆ వాకిళ్లలోకి వచ్చింది. దాన్ని గీయించినవాళ్లు బీడీ తాగేవాడిని దృష్టిలో పెట్టుకున్నారు. దాన్ని ముందుగా పట్టించుకున్నది బీడీ చేసే ఆడమనిషి. కట్ట మీద పుర్రె వేస్తే ఎవరూ కొనరు, కొనకపోతే కార్ఖానా మూతపడుతుంది, కార్ఖానా మూతపడితే చాట మూలన పడుతుంది. ఆమె చదువుకున్న అర్థం అది. ఉత్తర తెలంగాణలో పుర్రె గుర్తు ధర్నాల్లోకి, రాజకీయ ప్రసంగాల్లోకి ఎక్కింది. దేశంలోని మిగతా బీడీ ప్రాంతాల నుంచీ ఒత్తిడి పెరిగింది. 2007లో చట్టాన్ని సవరించి పుర్రె తప్పనిసరి అన్న మాట తీసేశారు. చివరికి 2009 మే 31 నుంచి పొగతాగే ఉత్పత్తుల మీద ఊపిరితిత్తుల బొమ్మలు, నమిలే పొగాకు మీద తేలు బొమ్మ వచ్చాయి. తేలుకూ క్యాన్సర్‌కూ ఏం సంబంధమని అప్పుడే చాలామంది అడిగారు. 2016 ఏప్రిల్ 1 నుంచి బొమ్మ, రాత కలిసిన హెచ్చరిక పెట్టె ముఖంలో 85 శాతం జాగాను ఆక్రమించింది.

పొగాకు ప్రాణం తీస్తుంది. ఇందులో రెండో మాటకు తావు లేదు. రోజంతా తంబాకు ధూళి పీల్చే ఆడవాళ్లకు దగ్గు, ఆయాసం, నడుంనొప్పి కొత్తవి కావు. ఆ లెక్కన పుర్రె ఆమె ఒంటి గురించి కూడా నిజమే చెప్పింది. కానీ రేపటి కూలి పోతుందన్న భయం ముందు నిలబడినప్పుడు ఆ నిజం ఆమె దాకా చేరదు. పొగాకు నియంత్రణపై అంతర్జాతీయ ఒడంబడికను భారత్ 2004 ఫిబ్రవరిలోనే ఆమోదించింది. పెట్టెల మీద హెచ్చరికల గురించి చెప్పేది అందులోని 11వ అధికరణం. పొగాకు మీద బతికే కార్మికులకు, రైతులకు గిట్టుబాటయ్యే వేరే పని చూపించడం గురించి చెప్పేది 17వ అధికరణం. మొదటిది దేశమంతటా కట్ట కట్టకూ అచ్చయింది. రెండోది ఏ వాకిట్లోకీ రాలేదు. తెలంగాణ వచ్చాక బీడీ కార్మికులకు ఇచ్చిన నెలసరి భృతి ఊరట ఇచ్చింది, వేరే పనిని మాత్రం చూపలేదు. రెండు అధికరణాలూ కలిసి వచ్చి ఉంటే అదే పుర్రెను ఆ ఆడవాళ్లు మరోలా చూసి ఉండేవాళ్లు.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఆఫీసుల్లో వినిపించే మాట ఒకటుంది: ‘ప్రజల్లో అవగాహన లేదు.’ ఈ మాట చాలాసార్లు తప్పు. కోరుట్ల ఆడవాళ్లకు అవగాహన తక్కువై పుర్రెను వ్యతిరేకించలేదు. తాము కూర్చున్న చోటు నుంచి ఆ బొమ్మ ఏం చేస్తుందో వాళ్లకు బాగా తెలుసు. తెలియనిది బొమ్మ గీయించినవాళ్లకు, వీళ్లు ఎక్కడ కూర్చున్నారో.

అడిగి చూసి బొమ్మను ఖరారు చేసిన సందర్భాలు లోకంలో లేకపోలేదు. పుర్రె మీద మన దగ్గర గొడవ జరుగుతున్న రోజుల్లోనే, 2007 ఫిబ్రవరిలో, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రేడియేషన్ ప్రమాదానికి కొత్త గుర్తు విడుదల చేసింది. పసుపు రంగు మీద మూడు రెక్కల పాత గుర్తును చూసి ప్రమాదమని చాలామంది పోల్చుకోలేకపోతున్నారని తెలిసి, కొత్తదాన్ని భారత్‌తో సహా 11 దేశాల్లో 1,650 మందికి చూపించి మరీ ఖాయం చేశారు. అందులో కిరణాలు, పారిపోతున్న మనిషితో పాటు పుర్రె కూడా ఉంది. అక్కడ ఆ పుర్రె మీద ఎవరికీ అభ్యంతరం రాలేదు. రేడియేషన్ పరికరాన్ని ఒళ్లో పెట్టుకుని కూలి చేసుకునే ఊళ్లు లేవు మరి. మన పొగాకు బొమ్మలకే ఇంకో వింత అనుభవం ఎదురైంది. 2012 జనవరిలో సిగరెట్ పెట్టె మీది మసక ముఖం ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు జాన్ టెర్రీలా ఉందని బ్రిటన్ పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఇక్కడ ఆ పెట్టె కొన్నవాళ్లకు అది పేరులేని రోగి ముఖం. అక్కడివాళ్లకు ఆదివారం టీవీలో చూసే మనిషి.

ఒకే గుర్తు చూసే చోటును బట్టి వేరే మాట చెప్పడం సిరిసిల్లలో బట్ట మీద కనిపిస్తుంది.

మరమగ్గాన్ని ఆ ఊళ్లో సాంచా అంటారు. పాతిక వేలకు పైగా సాంచాలున్న ఊరు. వీధిలోకి అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయేంత చప్పుడు. ఆ చప్పుడు ఆగితే ఊరికి భయం వేస్తుంది. ఎన్నికలొస్తే ఈ సాంచాల మీదే కండువాల బట్ట, జెండాల బట్ట నడుస్తుంది. గులాబీ అయినా, కాషాయం అయినా, మూడు రంగులైనా, ఎరుపైనా సాంచాకు తేడా లేదు. కార్మికుడికి అది ఇన్ని మీటర్లు, ఇంత కూలి. సాంచాలు నడిపించే ఆసామికి సేటు దగ్గరి నుంచి వచ్చిన ఆర్డరు. అదే బట్ట కత్తిరింపు అయి, గుర్తు అచ్చయి, మెడలో పడ్డాక అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయేంత బరువెక్కుతుంది. పొద్దంతా ఒక పార్టీ రంగు నేసి, సాయంత్రం మరో పార్టీ మీటింగుకు పోయే కార్మికుడిలో వైరుధ్యమేమీ లేదు. మగ్గం మీద ఉన్నప్పుడు అది పని, మెడలో ఉన్నప్పుడు పక్షం.

2022లో ఇక్కడి నేత కార్మికుడు ఒకరు వార్తల్లోకి వచ్చారు. యెల్ది హరిప్రసాద్ జీ-20 లోగోను స్వయంగా మగ్గం మీద నేసి ప్రధానికి పంపించారు. ఆ ఏడాది నవంబరు 27న ‘మన్ కీ బాత్’లో నరేంద్ర మోదీ ఆయన పేరు చెప్పి మెచ్చుకున్నారు. సరిగ్గా అదే నెలలో ఆ లోగో మీద దేశమంతా వాదన నడుస్తోంది. అందులో ఉన్నది తామరపువ్వు. బీజేపీ ఎన్నికల గుర్తును దేశం పేరు మీద పెట్టారని కాంగ్రెస్ ఆక్షేపించింది. తామర జాతీయ పుష్పం, మన సంస్కృతిలో ఎప్పటి నుంచో ఉన్నదని బీజేపీ బదులిచ్చింది. ఇద్దరూ చెప్పింది వాస్తవమే. గుళ్లో అమ్మవారి చేతిలో తామరను చూసి ఏ పార్టీ అని ఎవరూ అడగరు, ఓటింగ్ యంత్రం మీద అదే పువ్వును చూసి భక్తితో కళ్లు మూసుకోరు. దేశం తరఫున వేసే లోగో ఈ రెండు చోట్లలో ఏ చోటుకు చెందుతుందన్నదే అసలు తగువు. అది పువ్వు బొమ్మను ఎంత పరిశీలించినా తేలేది కాదు. ఇక సిరిసిల్లలో ఆ లోగోకు మూడో అర్థం ఉంది: పవర్‌లూమ్ పాలిస్టర్‌కు పేరుపడ్డ ఊళ్లో చేతిపని ఇంకా బతికే ఉందన్న చాటింపు. ఢిల్లీ చర్చల్లో ఈ మూడో అర్థం ఎవరి చెవినా పడలేదు.

జాతీయ జెండా సంగతి కూడా అంతే. దశాబ్దాల పాటు చేత్తో వడికి, చేత్తో నేసిన బట్టతోనే జెండా చేయాలన్నది నియమం. ఆ బట్టే జెండాలో సగం అర్థం. 2021 డిసెంబరు 30న జెండా నియమావళిని సవరించి యంత్రం మీద నేసిన బట్టకు, పాలిస్టర్‌కు అనుమతిచ్చారు. మరుసటి ఆగస్టులో ఇంటింటికీ జెండా పంచినప్పుడు సిరిసిల్ల సాంచాలకు చేతినిండా పని దొరికింది. ఖాదీ సంఘాలకు గుండె కోతగా తోచిన మార్పు, ఇక్కడ నెల గడవడానికి దారి చూపింది. రెండు బాధల్లో దేన్నీ తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే సిరిసిల్ల బట్టల్లో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడింది బతుకమ్మ చీర.

2017లో తెలంగాణ ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లలో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్లందరికీ పండక్కి చీర ఇవ్వాలనుకుంది. దాదాపు కోటి చీరలు. సాంచాలకు ఏడాదిలో కొన్ని నెలలు నికరమైన పని, కార్మికుడికి సొంత ఊళ్లోనే కూలి. ఈ కోణం నుంచి చూస్తే ఆ చీరకు వంక పెట్టలేం. మొదటి ఏడు గడువు సరిపోక కొంత సరుకు సూరత్ నుంచి తెప్పించారు. పంపిణీ మొదలవగానే కొన్ని ఊళ్లలో ఆడవాళ్లు నాసిరకం చీరలిచ్చారంటూ రోడ్డు మీద కుప్పపోసి తగలబెట్టారు. ఉచితంగా ఇచ్చినా కాల్చేస్తారా అని అధికార పక్షం నొచ్చుకుంది, దీని వెనక ప్రతిపక్షం ఉందంది.

రాజకీయం ఉండి ఉండవచ్చు. కానీ తెలంగాణలో పండక్కి చీర పెట్టడం అంటే ఏమిటో గుర్తుంచుకుంటే ఆ కోపం అర్థమవుతుంది. బతుకమ్మకు ఆడబిడ్డ పుట్టింటికి వస్తుంది. తల్లో, వదినో చీర పెడతారు. అది ఖరీదైనది కానక్కర్లేదు. బిడ్డకు ఏ రంగు నప్పుతుందో, ఏ అంచు ఇష్టమో ఎరిగి తెచ్చిందైతే చాలు. చీర అక్కడ ‘నిన్ను మరచిపోలేదు’ అని చెబుతుంది. సర్కారు చీర ఆ పండగ పేరు పెట్టుకుని, ఆ పుట్టింటి చోట్లో నిలబడబోయింది. కానీ వచ్చిందేమో రేషన్ కార్డుతో, వరుసలో నిలబడి, వేలిముద్ర వేస్తే, చేతికందిన రంగుతో. బియ్యం కోసం అదే వరుసలో నిలబడినప్పుడు ఎవరూ నొచ్చుకోరు. పేరు బతుకమ్మ అయినందుకే ఆశ పెరిగింది, ఆశ పెరిగినందుకే బట్ట పలచగా కనిపించింది.

మరుసటి ఏడాది ఇంకో మలుపు. 2018లో అసెంబ్లీ ఎన్నికల నియమావళి అడ్డొచ్చి చీరల పంపిణీ ఆగింది, పోలింగు అయ్యాకే పంచారు. అంటే గోదాములో ఉన్న అవే చీరలు సిరిసిల్లకు కూలి, ప్రభుత్వానికి కానుక, ఎన్నికల సంఘానికి ప్రలోభం. ఆ తర్వాత ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. విమర్శలను విని రంగులు, అంచుల రకాలను వందల్లోకి పెంచింది. పెద్ద వయసు ఆడవాళ్లు కట్టుకునే తీరును గమనించి 9 మీటర్ల చీరలు వేరుగా నేయించింది. మంటలు ఆగాయి. చీరలోని నూలు ఒక్కసారిగా పట్టుగా మారిపోలేదు. కట్టుకునే మనిషిని తలచుకుని నేసిన గుర్తులు అందులో కనిపించాయి, అంతే. అయినా ఊళ్లలో మక్క చేల చుట్టూ, కూరగాయల మళ్ల చుట్టూ అడవి పందులు రాకుండా ఆ చీరలు కట్టిన దృశ్యాలూ ఉన్నాయి. దాన్ని అవమానంగా చూడటం పట్నపు చూపు. రైతు ఇంట్లో పాత చీర ఏదైనా చివరికి చేను కాపలాకే పోతుంది.

2023 చివర్లో ప్రభుత్వం మారింది, ఆ పథకం ఆగింది. సాంచాలు ఖాళీగా కూర్చున్నాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇందిర పేరుతో చీరలంటూ కొత్త ఆర్డరు వచ్చి, 2025 నవంబరు 19న ఇందిరాగాంధీ జయంతి నాడు పంపిణీ మొదలైంది. ఊరు అదే, సాంచా అదే, కట్టుకునేవాళ్లలోనూ చాలామంది వాళ్లే. చీర పేరు, ఇచ్చే రోజు మారాయి. కనుక చీర చెప్పే మాటా మారింది. ఈ పేర్ల మార్పిడిలో కార్మికుడి నెలల కూలి గల్లంతు కావడం అన్యాయం. బట్టకు ఏ పేరు పెట్టుకున్నా, పని ఏడాది పొడవునా నడిచేలా చూడాల్సిన బాధ్యత ఏ ప్రభుత్వానిదైనా ఒకటే.

ఇదే సిరిసిల్లలో ఒకప్పుడు గోడలు కూడా మాట్లాడాయి. నూలు ధరలు, అప్పులు, పని లేమి కలిసి నేత కార్మికుల ప్రాణాలు తీస్తున్న రోజుల్లో అధికారులు ఊరి గోడల మీద చావు పరిష్కారం కాదన్న అర్థం వచ్చే రాతలు రాయించారు. కేసీఆర్, కేటీఆర్ తమ ప్రసంగాల్లో ఈ సంగతిని పలుమార్లు గుర్తు చేశారు. రాయించినవాళ్ల మనసు మంచిదే. కానీ ఆ దారిన సాంచా దగ్గరికి పోయే కార్మికుడికి అప్పిచ్చినవాడు ఎదురుగా ఉన్నాడు, కూలి తగ్గింది, నూలు దొరకడం లేదు. గోడ మాత్రం అతన్నొక్కడినే ఉద్దేశించి ధైర్యంగా ఉండమంటోంది. లోపం అతని గుండెలో ఉన్నట్టు. బయటి నుంచి వచ్చిన విలేకరికి, నాయకుడికి ఆ గోడ మరో సంగతి చెప్పింది: ప్రభుత్వమే ఇలా రాయించుకునేంత దుస్థితి ఈ ఊళ్లో ఉందని. కార్మికుడి కోసం రాసిన రాత చివరికి ఎక్కువగా పని చేసింది బయటివాళ్ల మీదే.

జగిత్యాలలో అక్షరం లేకుండానే ఇంతకన్నా గట్టిగా మాట్లాడిన కాలం ఒకటుంది. దొర గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. దొర కనబడితే మంచం మీద నుంచి లేవాలి. ఎవరూ బోర్డు రాసిపెట్టలేదు, అయినా పిల్లలకు కూడా తెలుసు. కాలికి చెప్పు ఉండటం, లేకపోవడం అక్కడ ఒక వాక్యం. 1977-78లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతుకూలీ సంఘాలు లేచినప్పుడు భూమి, కూలి రేట్లతో పాటు ఈ వాక్యాలూ తిరగబడ్డాయి. చాకలి, మంగలి పనులు దొరలకు బంద్ అయ్యాయి. ఒకప్పుడు కింది కులాల మీద ఊరు ప్రయోగించిన బహిష్కరణే గడీ మీదకు తిరిగింది. 1978 సెప్టెంబరులో వేలాది మంది కూలీలు జగిత్యాల పట్నంలో ఊరేగారు. దానికి జైత్రయాత్ర అన్న పేరు నిలిచిపోయింది. వరంగల్‌లోనో, హైదరాబాద్‌లోనో అయితే అది ఇంకో ఊరేగింపు అయ్యేది. దొరల ఎదుట మంచం మీద కూర్చోలేని మనుషులు తాలూకా పట్నం నడిబజారులో జెండా కర్రలు పట్టుకుని తలెత్తి నడవడం వల్లే అది జైత్రయాత్ర అయింది. ప్రభుత్వం కూడా దాన్ని చదివింది, తన పద్ధతిలో. నెలన్నర తిరిగేసరికి రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత ఎన్ని ప్రాణాలు ఎటువైపు పోయాయో ఈ నేలకు తెలుసు.

నలభై ఏళ్ల తర్వాత అదే ప్రాంతం రైతులు మాట్లాడటానికి ఓటింగ్ యంత్రాన్ని ఎంచుకున్నారు. కోరుట్ల, జగిత్యాల అసెంబ్లీ స్థానాలు నిజామాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలోకి వస్తాయి. 2019 ఏప్రిల్‌లో అక్కడ 185 మంది పోటీలో మిగిలారు. అందులో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కొక్కరు 25 వేల రూపాయల డిపాజిట్ కట్టి నామినేషన్ వేశారు. పోలింగ్ కేంద్రానికి 12 చొప్పున బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సి వచ్చింది. గెలుస్తామని వాళ్లలో ఎవరూ అనుకోలేదు. పసుపు బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి అన్న మాటను దేశం చెవిన వేయడానికి అదే దారి అనుకున్నారు. తెలుగువాళ్లకు ఈ భాష కొత్త కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఒంగిపోయిన నల్గొండ 480 మంది అభ్యర్థులతో ఇదే మాట్లాడింది.

ఆ ఎన్నికలో గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చారు. నోటిమాటకు విలువ తగ్గిన చోట, అప్పులకూ భూములకూ వాడే కాగితం మీద హామీ రాస్తే నమ్మకం కుదురుతుందని ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. ఏళ్లు గడిచినా బోర్డు రాలేదు. 2023లో నిజామాబాద్ జిల్లా ఊళ్లలో రోడ్ల పక్కన పసుపు రంగు పూసిన బోర్డులు వెలిశాయి, ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు ఇదేనంటూ. ఆ దారిన పోయే హైదరాబాద్ కారుకు అదో రంగు పలక. పసుపు ఉడకబెట్టి, ఆరబెట్టి, ధర లేక నిల్వ చేసుకున్న రైతుకు అది ఒళ్లు మండి చేసిన ఫిర్యాదు. ఆ ఏడాది అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు ప్రకటన వచ్చింది, 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది. బోర్డు ఇప్పుడు ఉంది. దాని పని క్వింటాల్ ధరలో కనిపించినప్పుడే రైతు దాన్ని నిజమైన బోర్డుగా చదువుతాడు.

ఇక కోరుట్ల, సిరిసిల్ల, జగిత్యాల మూడు పట్నాలనూ కలిపే బొమ్మ ఇంకొకటి: ఫోనులో గల్ఫ్ నుంచి వచ్చే ఫొటో. సెలవు రోజున కొత్త చొక్కా వేసుకుని, బుర్జ్ ఖలీఫా ముందు, ఎవరిదో కారు పక్కన నిలబడి దిగిన ఫొటో. పంపినవాడు చెప్పేది ‘అమ్మా, నేను బాగానే ఉన్నా, దిగులుపడకు’ అని. తల్లి దాన్ని అలాగే చదువుకుంటుంది. అదే ఫొటో స్టేటస్‌లో పడి, పనిలేక తిరుగుతున్న పక్కింటి కుర్రాడి కంటపడితే ‘వాడు సెట్టయిండు, నేనే మిగిలిన’ అని చెబుతుంది. మరుసటి వారం ఆ ఇంట్లో బంగారం తాకట్టు షాపుకు పోతుంది. గదిలో ఎనిమిది మంది పడుకునే అంతస్తుల మంచాలు, నడిఎండలో పని, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టు ఆ ఫొటోలో లేవు. అబద్ధమాడాలని ఎవరూ వాటిని దాచలేదు. ఇంటివాళ్ల మనసు కష్టపెట్టకూడదనే.

నకిలీ ఏజెంట్లను నమ్మవద్దని అధికారులు చెబుతూనే ఉన్నారు. ఆ మాట ఎక్కదు, ఎందుకంటే అది ఆఫీసు నుంచి వస్తోంది, ఫొటో స్నేహితుడి నుంచి వస్తోంది. అందుకే హెచ్చరిక కూడా స్నేహితుడి నుంచే రావాలి. లైసెన్సున్న ఏజెంటు వివరాలు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. సేవా రుసుముగా అతను తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగితే అక్కడే అనుమానించాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములకు ఒక విన్నపం: ఈసారి సెలవు మీద ఊరికి వచ్చినప్పుడు మీరు ఎక్కడ పడుకుంటున్నారో, జీతం చీటీలో కోతలు పోను చేతికి ఎంత వస్తోందో పక్కింటి తమ్ముడికి చూపించి చెప్పండి.